రెండు గేర్ల లేతు, 47 రోజులు: నా అనుభవం

పాత సీఎన్‌సీ లేతు (లోహపు ముక్కను తిప్పుతూ, కంప్యూటరు ప్రోగ్రాము ప్రకారం కోసే యంత్రం) ఒకటి కొని, దాని స్పిండిల్ (ముక్కను తిప్పే ఇరుసు) వేగాలను అదుపులోకి తెచ్చుకోవడానికి నాకు 2025 మార్చి 17 నుంచి మే 3 దాకా పట్టింది. చేతితో గేరు మార్చే రకం సీఎన్‌సీ లేతు కొనాలనుకునేవారికి ఉపయోగపడుతుందని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మా షెడ్డు జీడిమెట్లలో ఉంది. అంతకుముందు రెండు మామూలు లేతులు మాత్రమే ఉండేవి. బోరు పంపులకు బిగించే బీడు ఇనుప ఫ్లాంజీల (మధ్యలో రంధ్రమున్న గుండ్రటి పలకల) ఆర్డరు వచ్చేసరికి ధైర్యం చేసి, బాలానగర్‌లో ఒకరి దగ్గర వాడిన లేతు కొన్నాను. కంట్రోలు, అంటే యంత్రాన్ని నడిపే కంప్యూటరు, ఫానుక్ 0ఐ. మోటారు 7.5 హార్స్‌పవర్, దానికి వేగం మార్చే ఇన్వర్టర్ డ్రైవు. హెడ్‌స్టాక్ ముందు ఒక లివరు ఉంది, దానికి రెండే స్థానాలు. లో గేరులో మోటారు 4 చుట్లు తిరిగితే స్పిండిల్ ఒక చుట్టు తిరుగుతుంది. హై గేరులో రెండూ సమానం. అంటే లో గేరులో గరిష్ఠంగా 500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), హై గేరులో 2,000.

మార్చి 12న హైడ్రా క్రేన్‌తో లేతును షెడ్డులో దించాం. లెవెలింగ్‌కు, కరెంటు కలపడానికి నాలుగు రోజులు పట్టాయి. 17న స్విచ్చు వేయగానే తెరమీద బ్యాటరీ గుర్తు మెరిసింది. కంట్రోలు ఆపి ఉన్నప్పుడు పారామీటర్లను (యంత్రం అమరికల అంకెలను) కాపాడేది ఆ బ్యాటరీయే. అమ్మినాయన్ని అడిగితే, రెండేళ్ల కిందట ఒకసారి బ్యాటరీ పూర్తిగా పోయిందనీ, క్యాబినెట్ తలుపు లోపల పెట్టిన జిరాక్సు కాగితం చూసి అంకెలన్నీ మళ్లీ ఎక్కించామనీ చెప్పారు. ఆ మాటను నేను అప్పుడు తేలిగ్గా తీసుకున్నాను. 1,400 రూపాయలు పెట్టి బ్యాటరీ మార్చాను. కంట్రోలు ఆన్‌లో ఉండగానే మార్చాలి, ఆపి మార్చితే ఉన్న అంకెలు కూడా పోతాయి.

మార్చి 24న మొదటి ఫ్లాంజీ ఎక్కించాం. 240 మి.మీ. వ్యాసం, మధ్యలో 50 మి.మీ. రంధ్రం. కట్టింగ్ స్పీడు (టూలు ముందు నుంచి లోహం జరిగే వేగం) నిమిషానికి 100 మీటర్లు అనుకుంటే బయటి అంచు దగ్గర 132 ఆర్‌పీఎం కావాలి. లివరు హై గేరులో ఉంది. 132 అనేది రెండు గేర్లలోనూ వచ్చే వేగమే కదా అని దాన్ని అలాగే వదిలేశాం. 2 మి.మీ. లోతు, చుట్టుకు 0.25 మి.మీ. ఫీడు (టూలు జరిగే దూరం). టూలు అంచును తాకిన రెండో క్షణంలో స్పిండిల్ మూలిగి ఆగిపోయింది. ఇన్‌సర్ట్ (టూలుకు బిగించే కోసే ముక్క) మొన విరిగి చక్కు (ఫ్లాంజీని పట్టి తిప్పే భాగం) కింద పడింది. డ్రైవు మీద ఓవర్‌లోడు చూపిస్తోంది.

లోతు అర మిల్లీమీటరుకు తగ్గిస్తే కోసింది. కానీ 9 నిమిషాల్లో అయిపోవలసిన ముక్కకు 22 నిమిషాలు పట్టింది. సాయంత్రానికి మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాం.

మరునాడు మా వీధిలో ఉండే పెద్దాయనను బతిమాలి తీసుకొచ్చాను. రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్‌లో టర్నరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తెర వైపు చూడనే లేదు. లివరు చూశారు, మోటారు మీద చెయ్యి పెట్టారు.

“బాబూ, ఇన్వర్టర్‌తో వేగం తగ్గించావు సరే, బలం ఎక్కడి నుంచి వస్తుంది?” అన్నారు.

ఆయన వెళ్లాక కాగితం తీసుకుని లెక్క వేశాను. 5.5 కిలోవాట్ల మోటారు 1,440 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చే టార్కు (తిప్పే బలం) సుమారు 36 న్యూటన్ మీటర్లు. ఇన్వర్టర్ వేగం తగ్గించినా మోటారు ఇవ్వగలిగే టార్కు అంతే, పెరగదు. హై గేరులో 132 దగ్గర స్పిండిల్‌కు అందేది ఆ 36 మాత్రమే. అంటే అర కిలోవాటు పని. నేను అడిగిన కోతకు బీడు ఇనుము మీద సుమారు 600 న్యూటన్ల బలం పడుతుంది. 120 మి.మీ. వ్యాసార్ధంతో గుణిస్తే 72 న్యూటన్ మీటర్లు. ఆగిపోక ఏం చేస్తుంది! అదే లో గేరులో అయితే మోటారు 530 దగ్గర తిరుగుతుంది, స్పిండిల్‌కు 146 అందుతాయి. ఆ కోతకు రెట్టింపు బలం. మోటారు వేడెక్కడానికి కారణం కూడా ఇదే. దాని ఫ్యాను దాని ఇరుసు మీదే ఉంది, 132 చుట్లకు ఆ ఫ్యాను గాలి విసరదు.

మార్చి 26న లివరును లో గేరులోకి మార్చాం. మొదటిసారి మార్చేవారికి ఒక మాట: స్పిండిల్ పూర్తిగా ఆగాకే లివరు కదపాలి. అప్పుడు కూడా సగం దూరం వచ్చి మొరాయిస్తుంది, ఎందుకంటే లోపల పన్నుకు పన్ను ఎదురుగా నిలబడి ఉంటుంది. బలం పెట్టకూడదు. ఒక చేత్తో లివరును మెల్లగా నొక్కి పట్టి, రెండో చేత్తో చక్కును అటూ ఇటూ వేలెడంత తిప్పితే “టక్” మని లోపలికి జారుతుంది. ఆ శబ్దం అరచేతికి తెలుస్తుంది.

గేరు పడింది, ప్రోగ్రాము వేశాం. ఎస్132, అంటే 132 వేగం, అని ఇస్తే చక్కు గడియారం ముల్లులా తిరుగుతోంది. తెరమీద అసలు వేగం 33.

మా ఆపరేటర్ కుర్రాడు అదే వేగంలో ఫ్లాంజీ మీద 2 మి.మీ. పిచ్ మర కోసి, గేజి పెట్టి చూపించాడు. సరిగ్గా పట్టింది. “అన్నా, పిచ్ కరెక్టుగా ఉంది, అంటే యంత్రానికి వేగం సరిగ్గానే తెలుసు కదా?” అన్నాడు. నేనూ ఆ రోజంతా అలాగే అనుకున్నాను. నిజం వేరు. మర కోసేటప్పుడు టూలు స్పిండిల్‌కు కట్టిన ఎన్‌కోడర్‌ను (చుట్లను లెక్కించే పరికరాన్ని) చూస్తూ నడుస్తుంది. స్పిండిల్ ఏ వేగంతో తిరిగినా చుట్టుకు 2 మి.మీ. జరుగుతుంది. ఫీడు కూడా అంతే. అందుకే వేగం నాలుగో వంతుకు పడిపోయినా కొలతలన్నీ సరిగ్గా వస్తాయి, గడియారం మాత్రమే లోపాన్ని పట్టిస్తుంది.

ఆ రాత్రి మాన్యువల్ తీసి కూర్చున్నాను. కంట్రోలు డ్రైవుకు పంపేది 0 నుంచి 10 వోల్టులు. ఏ గేరులో 10 వోల్టులకు ఎంత వేగమో చెప్పే పారామీటర్లు 3741 నుంచి 3744 దాకా, గేరుకు ఒకటి చొప్పున ఉన్నాయి. మా కంట్రోలులో 3741 తెరిచి చూస్తే 2000. 3742 కూడా 2000. జిరాక్సు కాగితంలో ఆ వరస మసక బారి ఉంది. ఎక్కించినవారు రెండింటికీ ఒకే అంకె వేశారు. కాబట్టి 132 అడిగితే కంట్రోలు 0.66 వోల్టులు పంపుతోంది, అది హై గేరుకు సరిపోయే వోల్టేజి. లో గేరుకు 2.64 కావాలి.

3741లో 500 వేస్తే పని అయిపోతుందనుకున్నాను, కాలేదు. లివరు ఏ గేరులో ఉందో కంట్రోలుకు తెలియాలి. ఆ సమాచారం లాడరు (యంత్రం స్విచ్చులను, సంకేతాలను చూసుకునే లోపలి) ప్రోగ్రాము ద్వారా జీఆర్1, జీఆర్2 అనే సంకేతాలుగా రావాలి. మా లేతులో లివరు దగ్గర సెన్సరే లేదు. బ్రాకెట్టు ఉంది, మరల రంధ్రాలు ఉన్నాయి, తెగిన తీగ ఒకటి వేలాడుతోంది.

మార్చి 28న ఒక సర్వీసు ఇంజనీరుకు ఫోను చేశాను. ఉగాది, ఆ వెంటనే రంజాన్, తర్వాత ఆయనకు వేరే ఊళ్లో పని. 11 రోజుల తర్వాత, ఏప్రిల్ 8న వచ్చారు. ఈలోపు ఆర్డరు ఆగకూడదని ఒక ఉపాయం చేశాం. లో గేరులో ఉన్నప్పుడు ప్రోగ్రాములో ప్రతి వేగాన్నీ నాలుగింతలు రాయడం. జీ96లో (కట్టింగ్ స్పీడును స్థిరంగా ఉంచే ఆదేశంలో) ఎస్100 బదులు ఎస్400. పని నడిచింది, ఫ్లాంజీకి 9 నిమిషాలే పట్టింది. కానీ ఆ ఉపాయం మంచిది కాదని ఇప్పుడు గట్టిగా చెబుతాను. ఏప్రిల్ 4న ఉదయం, రాత్రి షిఫ్టువాళ్లు బుష్షుల (గొట్టం లాంటి ముక్కల) కోసం హై గేరులో వదిలిన లివరును ఎవరూ చూడలేదు. నాలుగింతలు రాసిన ప్రోగ్రాము మొదలైంది. 240 మి.మీ. ఫ్లాంజీ 530 వేగంతో తిరిగింది. టూలు తగలగానే ఇన్‌సర్ట్ మొన విరిగింది, డ్రైవు ట్రిప్ అయ్యింది. ఫ్లాంజీ ముఖం మీద లోతైన గాటు. కాగితం మీద ఒకటి, యంత్రంలో ఇంకొకటి ఉంటే రాత్రి నిద్ర పట్టదు. ఆ వారమంతా నాకు పట్టలేదు.

ఏప్రిల్ 8న వచ్చిన ఇంజనీరు నాలుగు గంటల్లో పని ముగించారు. ఫీజు 6,500. సెట్టింగు పేజీలో పారామీటర్ రైట్‌ను 1 చేశారు, అలా చేయగానే అలారం 100 వస్తుంది, అది ఉండవలసిందే, భయపడనక్కరలేదు. 3741కి 500, 3742కి 2000 వేసి, రైట్‌ను మళ్లీ 0 చేసి రీసెట్ చేశారు. లివరు హై స్థానం దగ్గర ఒక ప్రాక్సిమిటీ సెన్సరు (ఇనుము దగ్గరికి వస్తే వెలిగేది) బిగించారు. ల్యాప్‌టాప్ పెట్టి లాడరులో రెండు వరసలు చేర్చారు. సెన్సరు వెలిగితే జీఆర్1 వస్తుంది, కంట్రోలు రెండో గేరు అనుకుంటుంది. వెలగకపోతే మొదటి గేరు, అంటే లో. ఎస్132 ఇచ్చి చూశాం. 131 వచ్చింది. నేను చాలా సంతోషపడ్డాను, ఆయనకు ఇంట్లోంచి భోజనం తెప్పించాను.

ఏప్రిల్ 19, శనివారం, మధ్యాహ్నం రెండు దాటింది. నేను తలుపు దగ్గర లారీ చలానా చూస్తున్నాను. లేతు మీద ఉక్కు బుష్షులు నడుస్తున్నాయి, హై గేరు, 20 మి.మీ. డ్రిల్లు, జీ97 ఎస్450 (స్థిరంగా 450 ఆర్‌పీఎం). చక్కు మొదలైన శబ్దం నాకు తెలుసు, అది ఎక్కడ నిలవాలో కూడా చెవికి తెలుసు. అక్కడ నిలవలేదు, పైకి పోతూనే ఉంది. ఈల లాంటి కూత వినిపించి తిరిగి చూసేసరికి కుర్రాడు ఎమర్జెన్సీ బటను మీద అరచెయ్యి మోపి, తల పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. చక్కు ఆగడానికి పట్టిన కాలం నాకు చాలా పొడవుగా అనిపించింది. డ్రిల్లు మొన నీలంగా మారింది. తెరమీద అసలు వేగం 1,790 దాకా వెళ్లిందని వాడు చెప్పాడు. వాడి చేతులు వణుకుతున్నాయి. నేను వాణ్ని బయట చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. ఆ పూట ఇక పని పెట్టలేదు.

కారణం అరగంటలో దొరికింది. కోతలో వచ్చిన వేడి లోహపు తునక ఒకటి సెన్సరు తీగ మీద పడి, పై తొడుగు కరిగి, లోపలి తీగ తెగింది. సెన్సరు నుంచి సంకేతం రాలేదు, కాబట్టి కంట్రోలు లో గేరు అనుకుంది. 450 కావాలంటే లో గేరులో 9 వోల్టులు. 9 వోల్టులు పంపింది. అసలు ఉన్నది హై గేరు, 9 వోల్టులకు 1,800. డ్రైవు కూడా ‘వేగం అందుకున్నాను’ అనే చెప్పింది. దానికి తెలిసినది మోటారు హెర్ట్జ్ మాత్రమే, అడిగిన హెర్ట్జ్ అందుకుంది.

ఒక్క సెన్సరు అమరికలో ఉన్న దోషం ఇదే. తీగ తెగితే యంత్రం ఆగిపోవాలి. ఇక్కడ తీగ తెగితే నాలుగింతల వేగంతో తిరుగుతుంది. వేగం నాలుగింతలైతే, ముక్కను పట్టుకునే చక్కు దవడలను బయటికి లాగే బలం పదహారింతలు. మా చక్కు ముఖం మీద చెక్కిన గరిష్ఠ వేగం 2,000 కంటే ఎక్కువే. అయితే ఆ అంకె మామూలు దవడలకు, పూర్తి హైడ్రాలిక్ ఒత్తిడికి చెప్పింది. మేము ఆ రోజు వాడుతున్నవి ఎత్తైన మెత్తటి దవడలు, ఒత్తిడి కూడా తగ్గించి పెట్టాం. ఆ బుష్షు ఎగరలేదంటే అది మా అదృష్టం. దానికి బదులు ఫ్లాంజీ ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

అదే రోజు సాయంత్రం ఇంజనీరుకు ఫోను చేశాను. పదో రోజున వచ్చారు. ఆ పది రోజులూ లేతును ముట్టుకోలేదు, ఫ్లాంజీలను వేరే షెడ్డుకు ఇచ్చి చేయించుకున్నాను. ఈలోగా సామాను నేనే తెచ్చిపెడతానని రాణీగంజ్ వెళ్లాను. 20వ తేదీ ఆదివారం కావడంతో దుకాణాలు మూసి ఉన్నాయి, సోమవారం మళ్లీ వెళ్లాను. రెండు సెన్సర్లు 1,300కు తెచ్చి బిగించాను. ఇనుము దగ్గర పెడితే సెన్సరు మీద ఎర్ర దీపం వెలుగుతుంది, కంట్రోలు తెరమీద మాత్రం ఏమీ మారదు. ఒక రోజంతా తీగలు వెతికాను. తీరా చూస్తే అవి ఎన్‌పీఎన్ రకం. మా కంట్రోలు ఇన్‌పుట్‌కు 24 వోల్టులు అందాలి, దానికి పీఎన్‌పీ రకం కావాలి. దుకాణం ఆయన తిరిగి తీసుకోలేదు. పీఎన్‌పీ సెన్సర్లు రెండు 1,700. కోఠీ గుజరాతీ గల్లీలో కనెక్టర్లు, తీగలకు తొడగడానికి ఇనుప గొట్టం కలిపి 900. కొనే ముందు పాత సెన్సరు మీద ఉన్న అక్షరాలను ఫోటో తీసి తీసుకెళ్లండి, చాలు.

ఏప్రిల్ 29న రెండో విడత పని. ఫీజు 7,500. ఈసారి ఏమి కావాలో నేను కాగితం మీద రాసి ఇచ్చాను. లో స్థానానికి ఒక సెన్సరు, హై స్థానానికి ఒకటి. రెంటిలో సరిగ్గా ఒకటి వెలిగితేనే స్పిండిల్ తిరగాలి. రెండూ వెలగకపోయినా, రెండూ వెలిగినా స్పిండిల్ మొదలు కాకూడదు, తిరుగుతూ ఉంటే ఆగాలి, తెరమీద అలారం రావాలి. ప్రోగ్రాములో ఎమ్41 అంటే లో, ఎమ్42 అంటే హై. లివరును అవి కదపవు, ఉందో లేదో చూస్తాయి. ఎమ్41 వచ్చినప్పుడు లివరు హైలో ఉంటే ప్రోగ్రాము అక్కడే ఆగుతుంది. ఇంజనీరు కాగితం చదివి, “ఇది మొదటిసారే అడిగి ఉంటే అప్పుడే చేసేవాణ్ని” అన్నారు. అడగాలని నాకు తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన ముందే తీగలు ఒక్కొక్కటిగా పీకి చూశాను. లో సెన్సరు తీగ పీకితే అలారం. హై సెన్సరు తీగ పీకితే అలారం. లివరును సగంలో పెడితే అలారం. తిరుగుతుండగా పీకితే స్పిండిల్ ఆగింది. ఈ నాలుగూ మీ కళ్లతో చూడకుండా ఎవరికీ డబ్బు చెల్లించవద్దు.

మే 2న, 3న వేగాలు సరిచూశాం. 1,600 పెట్టి టాకోమీటరు కొన్నాను, చక్కు మీద మెరిసే పట్టీ అంటించి దూరం నుంచి కొలిచేది. లో గేరులో 500 అడిగితే 486 వచ్చింది. హై గేరులో 2,000 అడిగితే 1,944. రెండింట్లోనూ తగ్గింది ఒకే వంతు కాబట్టి లోపం గేరులో లేదు, వోల్టేజిలో ఉందని అర్థమైంది. మల్టీమీటరు పెడితే 10కి బదులు 9.72 వోల్టులే వస్తోంది. వోల్టేజిని సరిదిద్దే పారామీటరు 3730. దాని మామూలు విలువ 1000, దాన్ని 1029 చేశాం. లో గేరులో 500, హై గేరులో 1,999 వచ్చాయి. కుర్రాడు ఆ అంకెలను టాకోమీటరు మీద చూసి మొట్టమొదటిసారి నవ్వాడు.

ఒక చిన్న విషయం మిగిలింది. ఫ్లాంజీ ముఖాన్ని జీ96తో కోస్తే టూలు మధ్యకు వచ్చేకొద్దీ వేగం పెరగాలి. 100 మీటర్ల లెక్కన 64 మి.మీ. వ్యాసం దగ్గర 500 అందుకుంటుంది. లో గేరులో అంతకు మించి పోదు, అక్కడి నుంచి 50 మి.మీ. రంధ్రం దాకా కట్టింగ్ స్పీడు 78కి తగ్గుతుంది. కోత మధ్యలో గేరు మార్చడం కుదరదు. మెరుపులో కొద్దిపాటి తేడాతో సన్నని ఉంగరం కనిపిస్తుంది. ఫ్లాంజీ కొనేవారికి చూపించి అడిగాను, ఆ చోట రబ్బరు వాషరు కూర్చుంటుందన్నారు. జీ50 ఎస్500 (వేగం 500 దాటకుండా ఆపే ఆదేశం) అని ప్రోగ్రాము మొదట్లో రాసి వదిలేశాను.

మొత్తం ఖర్చు, మోటారుకు విడిగా పెట్టిన బ్లోయరు 3,200తో కలిపి, 24,100 రూపాయలు. చెడిపోయిన ఫ్లాంజీలు 9. బయట చేయించిన పని ఖర్చు ఇందులో లేదు. పారామీటర్లు, లాడరు రెండూ మెమరీ కార్డులోకి ఎక్కించి ఇంట్లో బీరువాలో పెట్టాను. 3741, 3742, 3730 అంకెలను లివరు పక్కన రేకు మీద పంచులతో కొట్టించాను.

కుర్రాడు ఇప్పుడు ప్రతి ఉదయం స్పిండిల్ వేసే ముందు లివరును సగంలో పెట్టి, అలారం వచ్చిందని చూసి, ఆ తర్వాతే గేరు వేస్తున్నాడు. నేను చెప్పలేదు, వాడే మొదలుపెట్టాడు.